నా కుడిచెయ్యి నేర్పిన పాఠం

పిల్లలూ! నేను ముప్ఫైయారేళ్ళు బడిపంతులుగా పనిచేశాను. 1984లో ఒక చిన్న పల్లెటూరి బడిలో చేరి, చివరి తొమ్మిదేళ్ళూ హెడ్మాస్టరుగా ఉండి, 2020లో రిటైరయాను. ఇన్నేళ్ళలోనూ శరీరశాస్త్రం పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఒక వారం ఎముకల పాఠం చెప్పేవాణ్ణి. మరో వారం కండరాల పాఠం చెప్పేవాణ్ణి. "పెద్దవాళ్ళ శరీరంలో 206 ఎముకలుంటాయి. రాసుకోండి," అనేవాణ్ణి. పిల్లలు రాసుకునేవాళ్ళు. "వాటిని కదిలించే కండరాలు 600లకు పైగా ఉంటాయి. రాసుకోండి," అనేవాణ్ణి. అదీ రాసుకునేవాళ్ళు. పరీక్షల్లో మార్కులు కూడా బాగానే వచ్చేవి.

కాని, ఈ రెండు పాఠాలూ నిజానికి ఒకే పాఠమని నాకు అరవై ఏళ్ళు దాటాక గాని తెలియలేదు. ఆ సంగతి నాకు నేర్పింది పుస్తకం కాదు, నా కుడిచెయ్యి. ఎట్లా నేర్పిందో చెబుతాను, వినండి.

2023 వానాకాలంలో ఒకనాటి ఉదయం నేను పెరట్లో మందారపూలు కోస్తూ, చూసుకోకుండా పాచిపట్టిన బండమీద కాలు వేశాను. కాలు జారింది. పడబోయే మనిషి ఎవడైనా చెయ్యి ఆనించబోతాడు. నేనూ అదే పని చేశాను. ఒంటి బరువంతా కుడి అరచేతిమీద పడింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడయింది. లేచి చూసుకుంటే మణికట్టు దగ్గర చెయ్యి వంకరగా ఉన్నది.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరుగారు ఆ ఫొటోను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూపించారు. జబ్బలో ఒక ఎముక, ముంజేతిలో రెండు, మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు, అరచేతిలో అయిదు, వేళ్ళలో పధ్నాలుగు. ఒక్కొక్క చేతికి మొత్తం 30 ఎముకలని నేను ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వచ్చాను. అవన్నీ ఇప్పుడు నా ఎదుటనే ఉన్నాయి. 1895లో జర్మనీ దేశంలో రాంట్‌జెన్ అనే శాస్త్రజ్ఞుడు ఎక్స్ కిరణాలు కనిపెట్టి, తన భార్య చేతిని మొట్టమొదటగా ఫొటో తీశాడు. ఆమె తన ఎముకలు తానే చూసుకుని హడలిపోయిందంటారు. నాకూ అట్లాగే అనిపించింది. ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే ఎముక మణికట్టుకు కొద్దిగా ఎగువన విరిగి ఉన్నది.

డాక్టరుగారు ఎముకను సరిచేసి, వేళ్ళ మొదళ్ళనుంచి మోచేతి పైదాకా సిమెంటు కట్టు వేశారు. చెయ్యి మోచేతి దగ్గర మడిచిన భంగిమలో బిగిసిపోయింది. "ఆరు వారాలు ఉంచాలి, మేష్టారూ. ఎముక అతుక్కునేదాకా కట్టులోపలి భాగం కదలకూడదు. కాని కట్టు బయట ఉన్న వేళ్ళు మటుకు అస్తమానం ఆడిస్తూ ఉండండి. భుజం కూడా ఎత్తుతూ దించుతూ ఉండండి. మరిచిపోవద్దు," అన్నారాయన.

నేను తల ఊపి ఇంటికి వచ్చాను. కాని ఆయన చెప్పినట్టు చెయ్యలేదు. వేలు కదిపితే లోపల ఎముక కదులుతుందేమోనని నాకు భయం. చేతిని గుడ్డ ఊయలలో వేసుకుని, పసిబిడ్డను కాపాడినట్టు కాపాడాను. మా ఆవిడ, "డాక్టరుగారు వేళ్ళు ఆడించమన్నారు కదండీ!" అని రోజూ గుర్తు చేసేది. "నాకు తెలుసులే. కదలకుండా ఉంటేనే ఎముక బాగా అతుక్కుంటుంది," అనేవాణ్ణి. ఎంతైనా పంతుల్ని కదా! ఒకరు చెబితే వినే అలవాటు తక్కువ.

ఆరు వారాల తరువాత కట్టు విప్పారు. ఎముక చక్కగా అతుక్కున్నది. కాని చేతిని చూసి నాకు ఏడుపు వచ్చినంత పని అయింది. అది నా చెయ్యిలాగే లేదు. చర్మం పొట్టు లేస్తున్నది. జబ్బ చిక్కిపోయింది. మోచెయ్యి చాచుదామంటే చాపు కాదు. వేళ్ళు ముడుద్దామంటే పిడికిలి పడదు. ముప్ఫైయారేళ్ళు నల్లబల్లమీద రాసిన చెయ్యి చాక్‌పీసును కూడా గట్టిగా పట్టుకోలేకపోయింది. ఇక నేను రాయలేనేమో, భోజనం కూడా ఒకరు కలిపిపెట్టాలేమో అని బెంగపడ్డాను.

మా అమ్మాయి కొడుకు అప్పుడు ఆరో తరగతి చదువుతూ మా దగ్గరే ఉండేవాడు. వాడు మా ఆవిడ కుట్టుపెట్టెలోనుంచి కొలిచే టేపు తెచ్చి నా జబ్బలు రెండూ కొలిచాడు. కుడి జబ్బ ఎడమదానికన్న రెండు సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. వాడు కొంతసేపు ఆలోచించి, "తాతయ్యా, విరిగింది ఎముక కదా? కండకు దెబ్బే తగలలేదు కదా? మరి కండ ఎందుకు చిక్కిపోయింది?" అని అడిగాడు.

నేను నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. ముప్ఫైయారేళ్ళలో ఏ పిల్లవాడూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. అడిగే వీలు నేను ఇవ్వలేదు. ఎముకల పాఠం ఒక వారం, కండరాల పాఠం ఒక వారం చెబితే ఎవరడుగుతారు? "ఉండరా, ఇద్దరం కలిసి చూద్దాం," అన్నాను.

మేము మొదట ఒక అట్టబొమ్మ చేశాం. మీరు కూడా చెయ్యవచ్చు. రెండు దళసరి అట్టముక్కలు బద్దల్లాగా కత్తిరించండి. ఒకటి జబ్బ, రెండోది ముంజెయ్యి. ముంజేతి బద్ద చివరను రెండు సెంటీమీటర్లు వెనక్కు పొడుచుకువచ్చేటట్టు వదిలి, జబ్బ బద్ద అడుగు కొసకు గుండుసూదితో గుచ్చండి. అదే మోచెయ్యి. ఇప్పుడు రెండు దారాలు తీసుకోండి. ఒక దారం ముంజేతి బద్దకు సూదికి కొంచెం ముందువైపున కట్టండి. రెండోది వెనక్కు పొడుచుకువచ్చిన కొసకు కట్టండి. జబ్బ బద్ద పైభాగంలో రెండు కన్నాలు చేసి, దారాలను వాటిలోనుంచి పైకి తీయండి. ముందు దారం లాగితే చెయ్యి ముడుచుకుంటుంది. వెనక దారం లాగితే చెయ్యి చాచుకుంటుంది.

మన చేతిలో ఉన్న ఏర్పాటు సరిగా ఇదే. జబ్బకు ముందువైపున ఉండే కండను బైసెప్స్ అంటారు. వెనకవైపు కండను ట్రైసెప్స్ అంటారు. చెయ్యి ముడిచి, రెండో చేత్తో మోచేతి మడత దగ్గర తాకి చూడండి. గట్టి తాడులాగా ఒకటి తగులుతుంది. అది బైసెప్స్ కండను ముంజేతి ఎముకకు కట్టిన తాడు. అటువంటి తాళ్ళను టెండాన్లు, లేక స్నాయుబంధనాలు అంటారు. ఎముకను ఎముకతో కట్టేవి వేరే ఉన్నాయి. వాటిని సంధిబంధనాలు అంటారు. కీలు దగ్గర ఎముకల కొసలు ఒకదాన్నొకటి రాచుకోకుండా నున్నని మృదులాస్థి తొడుగు ఉంటుంది. కందెన వేసినట్టు కొద్దిపాటి ద్రవం కూడా ఉంటుంది.

దారాలతో ఆడుకుంటూ మా మనవడు, "తాతయ్యా, దారాన్ని లాగితే పని జరుగుతుంది. కాని దారంతో నెట్టడం కుదరదు కదా?" అన్నాడు.

"కండ కూడా అంతేరా. కండకు లాగడమే తెలుసు. నెట్టడం తెలియదు."

"అబద్ధం! నేను తలుపు నెడుతున్నాను కదా?" అంటూ వాడు లేచి తలుపు నెట్టి చూపించాడు.

"ఆ చేత్తోనే మళ్ళీ నెట్టు. ఎడం చెయ్యి కుడి జబ్బ వెనక వేసి చూడు," అన్నాను. వాడు అట్లా చేసి చూసి ఆశ్చర్యపోయాడు. జబ్బ వెనక కండ రాయిలాగా బిగిసి ఉన్నది. అది మోచేతి మొనను వెనకనుంచి పైకి లాగుతున్నది. అంచేత చెయ్యి ముందుకు చాచుకుని తలుపును నెడుతున్నది. తలుపును నెట్టేది చెయ్యి. చేతిని కదిలించేది మటుకు లాగుడే. మనం బంతి విసిరినా, గోడ నెట్టినా, ఎగిరి దూకినా లోపల జరిగేదంతా లాగుడే!

కండ ఎట్లా లాగుతుందో కూడా శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. మీ రెండు చేతుల వేళ్ళనూ ఎదురెదురుగా పెట్టి, ఒకదాని సందుల్లో ఒకటి కొంచెం దూర్చండి. ఇప్పుడు చేతులను దగ్గరికి జరపండి. వేళ్ళు పొట్టివి కాలేదు. కాని రెండు చేతుల మొత్తం పొడుగు తగ్గింది. కండలో కంటికి కనపడని సన్నని పోగులు రెండు రకాలు ఉంటాయి. అవి ఇట్లాగే ఒకదాని సందుల్లోకి ఒకటి జారుతాయి. ఈ సంగతిని 1954లో రెండు బృందాలు విడివిడిగా ప్రకటించాయి. విచిత్రం ఏమిటంటే, ఒక బృందంలో ఆండ్రూ హక్స్‌లీ, మరో బృందంలో హ్యూ హక్స్‌లీ ఉన్నారు. ఇంటిపేరు ఒకటే గాని వాళ్ళు చుట్టాలు కారు.

లాగడమే తెలిసిన కండ ఒంటరిగా ఉంటే ఏమవుతుంది? చెయ్యి ఒకసారి ముడుచుకుంటే మళ్ళీ చాచుకోదు. అంచేత కండలకు జోడు కావాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు కవ్వంతో మజ్జిగ చిలకడం చూశారా? కవ్వానికి తాడు చుట్టి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుంటారు. కుడిచెయ్యి లాగుతుంటే ఎడమచెయ్యి వదులుతుంది. ఎడమచెయ్యి లాగుతుంటే కుడిచెయ్యి వదులుతుంది. అప్పుడే కవ్వం తిరుగుతుంది, వెన్న పడుతుంది. రెండు చేతులూ ఒకేసారి లాగితే కవ్వం కదలదు. బైసెప్సూ, ట్రైసెప్సూ ఆ తాటి రెండు కొసల వంటివి. ఒకటి లాగాలి, రెండోది వదలాలి. లాగడం ఎంత పనో, వదలడమూ అంత పనే. రెండూ కలిసి లాగితే చెయ్యి కర్రలాగా బిగుసుకుపోతుంది. నిండుకుండ తొణక్కుండా పట్టుకోవాలంటే అదీ అవసరమే.

మరో చిత్రం చెబుతాను. ఒక తలుపును మొదట గొళ్ళెం దగ్గర చెయ్యి పెట్టి తోయండి. సులువుగా కదులుతుంది. తరువాత బందుల పక్కనే చెయ్యి పెట్టి తోయండి. ఎంత కష్టమో తెలుస్తుంది! మన బైసెప్స్ కండ పనిచేసేది ఆ బందుల దగ్గరే. అది మోచేతి కీలుకు సుమారు 4 సెంటీమీటర్ల దూరంలోనే ఎముకను పట్టుకుని లాగుతుంది. మనం పట్టుకునే వస్తువు కీలుకు 32 సెంటీమీటర్ల దూరంలో ఉంటుందనుకోండి. 32ను 4తో భాగిస్తే 8. అంటే అరచేతిలో 1 కిలో బరువు పట్టుకుంటే, బైసెప్సూ దాని తోటి కండలూ కలిసి సుమారు 8 కిలోల బరువు మోసేటంత బలంగా లాగాలన్నమాట!

ఇదేమి నష్టపు బేరం అనుకుంటారేమో. కాదు. కండ 1 సెంటీమీటరు కురచ అయితే చాలు, అరచెయ్యి సుమారు 8 సెంటీమీటర్లు కదులుతుంది. బలం ఎక్కువ ఖర్చుపెట్టి వేగాన్ని కొనుక్కుంటున్నాం. అందుకే మనం బంతి విసరగలం, ఈగను తోలగలం. ఎముకలు మీటలుగా పనిచేస్తాయనీ, కండలు మోసే బరువుకన్న ఎన్నో రెట్లు బలంగా లాగుతాయనీ లెక్కకట్టి చూపినవాడు ఇటలీ దేశపు బొరెల్లీ. ఆయన గణితశాస్త్రజ్ఞుడు. ఆయన పుస్తకం ఆయన పోయిన తరువాత 1680-81 సంవత్సరాల్లో అచ్చయింది.

ఇంతదాకా ఎముకకూ కండకూ ఉన్న పొత్తు అర్థమయింది. కాని మా వాడి ప్రశ్న అట్లాగే ఉన్నది: దెబ్బ తగలని కండ ఎందుకు చిక్కిపోయింది?

దానికి జవాబు చెప్పింది నాచేత కసరత్తులు చేయించడానికి వచ్చిన ఫిజియోథెరపిస్టు అమ్మాయి. "మేష్టారూ, మన ఒళ్ళు చాలా పొదుపరి. పనిలేని కండను ఊరికే పోషించదు. ఆరు వారాలు మీ కండకు పని లేదు. అంచేత ఒళ్ళు దాన్ని తగ్గించేసింది. కనీసం వేళ్ళైనా ఆడించి ఉంటే ఇంత బిగుసుకునేవి కావు," అన్నది.

నేను సిగ్గుపడ్డాను. వేళ్ళను ఆడించే పెద్ద కండలు వేళ్ళలో లేవు. అవి ముంజేతిలో ఉంటాయి. కావలిస్తే కుడి ముంజేతిని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి వేళ్ళు ఆడించి చూడండి. లోపల కండలు కదలడం తెలుస్తుంది. కీలుబొమ్మను ఆడించేవాడు తెర వెనక ఉండి తాళ్ళు లాగినట్టు, ముంజేతి కండలు పొడుగాటి టెండాన్లతో వేళ్ళను లాగుతాయి. నేను వేళ్ళు ఆడించి ఉంటే, కట్టులోపల ఉన్న ఆ కండలకు కొంత పని దొరికి ఉండేది. కదలకుండా ఉంచడమే కాపాడటం అనుకుని, నా చేతిని నేనే పాడుచేసుకున్నాను.

ఆ అమ్మాయి ఇంకో సంగతి కూడా చెప్పింది. పని లేకపోతే చిక్కిపోయేది కండ ఒక్కటే కాదు, ఎముక కూడా! నేను పాఠంలో ఎప్పుడూ, "ఎముకలు ఇంటికి స్తంభాల వంటివి," అని చెప్పేవాణ్ణి. అది సగమే నిజం. స్తంభానికి ప్రాణం లేదు. ఎముకకు ఉన్నది. ఎముకలో రాత్రింబగళ్ళు పాత భాగాన్ని కూలగొట్టే కణాలూ, కొత్త భాగాన్ని కట్టే కణాలూ పనిచేస్తూ ఉంటాయి. కండ లాగినప్పుడల్లా, బరువు పడినప్పుడల్లా, "ఇక్కడ గట్టిగా కట్టండి," అని కబురు పోయినట్టే. లాగుడు లేకపోతే కట్టే పని మందగిస్తుంది. ఎముక తనమీద పడే బరువును బట్టి తన ఆకారం మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లోనే పుస్తకం రాశాడు. ఏళ్ళతరబడి టెన్నిస్ ఆడేవాళ్ళకు బ్యాటు పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముకకన్న లావుగా ఉంటుంది.

ఎముక కండకు చేసే ఉపకారమూ తక్కువది కాదు. మన ఒంట్లో ఉన్న కాల్షియంలో నూటికి 99 వంతులు ఎముకల్లోనూ, పళ్ళలోనూ ఉంటుంది. కండ లాగాలంటే ఆ కాల్షియం కొంచెం కావలసిందే. రక్తంలో అది తగ్గితే ఎముక తన కొట్టులోనుంచి తీసి ఇస్తుంది. అందుకే పెద్దవాళ్ళు పాలు తాగమనీ, రాగిజావ తాగమనీ, కాస్త ఎండలో ఆడుకోమనీ చెబుతారు. కొట్టు నిండుగా ఉంటే కదా అడిగినప్పుడు ఇవ్వగలిగేది!

బరువే లేని చోట ఏమవుతుందో రోదసిలోకి వెళ్ళినవాళ్ళను చూస్తే తెలుస్తుంది. అక్కడ కాళ్ళమీద ఒంటి బరువు పడదు. సరి అయిన కసరత్తు లేకపోతే తుంటి ఎముకల వంటివి నెలకు సుమారు నూటికి ఒక వంతు చొప్పున పలచబడతాయి. కండలు కూడా క్షీణిస్తాయి. అంచేత అక్కడ నెలల తరబడి ఉండేవాళ్ళు రోజూ సుమారు రెండు గంటలు కసరత్తు చేస్తారు. నేను ఉద్యోగంలో చేరిన ఆ 1984లోనే మన రాకేశ్ శర్మ రోదసిలోకి వెళ్ళి, అక్కడ యోగాసనాలు వేసి, వాటి ప్రభావం కండలమీద ఎట్లా ఉంటుందో చూసే ప్రయోగంలో పాల్గొన్నాడు. 2025లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళిన శుభాంశు శుక్లా కూడా అక్కడ కండ ఎందుకు క్షీణిస్తుందో తెలుసుకునే ప్రయోగం ఒకటి చేశాడు.

ఈ సంగతులన్నీ విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక కుర్రవాడు గుర్తొచ్చాడు.

1987లో నేను పనిచేసే బడిలో ఆ కుర్రవాడు ఏడో తరగతి చదివేవాడు. చిన్నతనంలో పోలియో వచ్చి, అతని కుడికాలు చచ్చుబడింది. ఆ రోజుల్లో దాదాపు ప్రతి ఊళ్ళోనూ అటువంటి పిల్లలు కనిపించేవారు. పోలియో క్రిమి ఎముకనూ తినదు, కండనూ తినదు. వెన్నుపాములో ఉండి, "లాగు!" అని కండకు ఆజ్ఞ ఇచ్చే నరాల కణాలను చంపుతుంది. ఆజ్ఞ అందని కండ లాగదు. లాగని కండ చిక్కిపోతుంది. కండ లాగకపోతే ఎముక కూడా సరిగా పెరగదు. ఆ కాలు సన్నగా, పొట్టిగా ఉండిపోతుంది. చూశారా, ఒకటి ఆగితే అన్నీ ఎట్లా ఆగుతాయో!

ఆ కుర్రవాడు నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ కుడిచేత్తో కుడితొడను వెనక్కు అదిమేవాడు. అది అలవాటు అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది. మోకాలు మడతపడకుండా నిలబెట్టవలసింది తొడ ముందువైపు కండ. అతని తొడ కండకు ఆ శక్తి లేదు. అంచేత ఆ కండ చెయ్యవలసిన పని అతను చేత్తో చేసుకునేవాడు. ఏ పుస్తకమూ చదవకుండానే, ఎముకకూ కండకూ ఉన్న సంబంధం ఆ పదమూడేళ్ళవాడు నాకన్న బాగా తెలుసుకున్నాడు.

మా బడిలో వేపచెట్టుకు ఒక రైలుపట్టా ముక్క వేలాడదీసి ఉండేది. అదే గంట. ఇనపకడ్డీతో కొడితే ఊరంతా వినిపించేది. తరగతికొకరు చొప్పున పిల్లలు వంతులవారీగా కొట్టేవారు. ఒకనాడు ఆ కుర్రవాడు నా దగ్గరకు వచ్చి, "మేష్టారూ, రేపు మా తరగతి వంతు. గంట నేను కొడతానండీ," అన్నాడు.

"నీకెందుకు నాయనా శ్రమ! అంతదూరం నడవాలి. నువ్వు హాయిగా కూచో," అన్నాను.

అతను ఏమీ అనలేదు. వెళ్ళి కూచున్నాడు. తోటకు నీళ్ళు పోసేటప్పుడూ, డ్రిల్లు పీరియడులోనూ కూడా నేను అతన్ని కూచోబెట్టేవాణ్ణి. చాలా దయ చూపిస్తున్నానని అనుకునేవాణ్ణి. కాని అతని చేతులు దివ్యంగా ఉండేవి. రోజూ కర్ర పట్టుకుని, తొడ అదిమి నడిచి నడిచి అతని జబ్బలు తరగతిలో అందరి జబ్బలకన్న బలంగా ఉండేవి. కాలు బాగాలేదని నేను అతని చేతులక్కూడా కట్టు వేశాను! మరుసటి ఏడు వాళ్ళ కుటుంబం ఊరు విడిచి వెళ్ళింది. మళ్ళీ అతన్ని చూడలేదు.

మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాలులో కనిపించింది. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో లేదన్న ధ్రువపత్రం వచ్చింది. చుక్కల మందు వేసినవారందరికీ మనం రుణపడి ఉన్నాం. అయితే ఇతర కారణాలవల్ల కాలో చెయ్యో సరిగా కదలని పిల్లలు ఇప్పటికీ ప్రతి బడిలోనూ ఉంటారు. అందుకే ఈ సంగతి దాచుకోకుండా చెబుతున్నాను.

మర్నాటినుంచి నేను బుద్ధిగా కసరత్తు మొదలుపెట్టాను. తడిగుడ్డ పిండడం, పిడికిలి పట్టడం, మోచెయ్యి చాచడం. ఎముక బాగా గట్టిపడిందని డాక్టరుగారు చెప్పిన తరువాత ఆ అమ్మాయి నాచేత రాగిచెంబు ఎత్తించింది. మొదట ఖాళీ చెంబు, తరువాత పావు చెంబు నీళ్ళు, ఆ తరువాత అరచెంబు. "ఎత్తడం ఒక్కటే కాదు, మేష్టారూ. దించేటప్పుడు కూడా నెమ్మదిగా దించాలి," అనేది. చెంబు దించుతున్నప్పుడు ఎడమచేత్తో తాకి చూశాను. బైసెప్స్ అప్పుడు కూడా బిగిసే ఉన్నది! బావిలోకి బొక్కెన వేసేటప్పుడు తాడును ఒక్కసారిగా వదిలెయ్యం. పట్టుకుని కొంచెం కొంచెంగా వదులుతాం. కండ కూడా అట్లాగే పట్టుకుని వదులుతుంది.

మా మనవడు వారానికొకసారి జబ్బ కొలిచి గోడమీద పెన్సిలుతో రాసేవాడు. మొదటి రెండు వారాలూ అంకె మారలేదు. నేను నిరుత్సాహపడితే, "రాయడం ఆపకూడదు, తాతయ్యా. లెక్క లెక్కే," అనేవాడు. ఆ మాట నేను వాడికి చెప్పిందే! నాలుగు నెలలకు రెండు జబ్బలూ దాదాపు సమానమయాయి. మోచెయ్యి మటుకు ఇప్పటికీ పూర్తిగా చాపు కాదు. ఒక వేలు వెడల్పు మిగిలిపోయింది. అది నా మొండితనానికి గుర్తు.

పిల్లలూ, ఎముక విరిగితే డాక్టరుగారు చెప్పినన్నాళ్ళూ కట్టు ఉండవలసిందే. కదపవద్దన్నదాన్ని కదపకండి. కాని కదపమన్నదాన్ని తప్పకుండా కదపండి. పెద్దలకు కూడా ఒక మాట: నడవలేని పిల్లవాణ్ణి కూచోబెట్టే ముందు, అతను ఏమేమి చెయ్యగలడో ఒకసారి అడగండి.

నిరుడు నన్ను పిలిచి ఆ పాత బడివాళ్ళు పిల్లలతో నాలుగు మాటలు చెప్పమన్నారు. వేపచెట్టు ఇంకా ఉన్నది. ఇప్పుడు కరెంటు గంట వచ్చింది గాని, రైలుపట్టా ముక్క కూడా అక్కడే వేలాడుతున్నది. నేను ఇనపకడ్డీ తీసుకుని, కుడిచేత్తో ఒక్క దెబ్బ కొట్టాను. మోచెయ్యి కొంచెం నొప్పి పెట్టింది. గంట ఖంగుమని మోగింది. ఈ గంట 1987లో ఒకరోజు మరొకరు కొట్టవలసిందని, అక్కడ చేరిన పిల్లలకు ఈ కథంతా చెప్పాను.